ప్రశ్నలు – జవాబులు: ఎస్.జి. ఐరన్ విరిగితే తప్పెవరిది?

కిందటిసారి ఈ శీర్షికలో కేస్ హార్డెనింగ్ గురించి రాస్తూ, చివర్లో మాటవరసకి “ఆస్టెంపరింగ్ చేసిన ఎస్.జి. ఐరన్ సంగతి ఇంకోసారి చూద్దాం” అన్నాను. ఎస్.జి. ఐరన్ అంటే గ్రాఫైట్ గుండ్రటి గుళికలుగా ఉండే పోత ఇనుము, ఆస్టెంపరింగ్ అంటే దాన్ని కాల్చి, కరిగిన ఉప్పులో చల్లార్చి బలం తెప్పించడం. అసలు వ్యాసానికి రాని ఉత్తరాలు ఆ ఒక్క మాటకి వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఇవాళ జవాబులు. కొత్తగా చదువుతున్నవారికి నా గురించి ఒక ముక్క: బాలానగర్‌లో పదిహేనేళ్లు ఫౌండ్రీలో, ఆ తర్వాత పదహారేళ్లు హీట్ ట్రీట్‌మెంట్ షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాను. పోత పోసేవాడి సాకులూ తెలుసు, సాల్ట్ బాత్ (ఆ ఉప్పు తొట్టి) వాడి సాకులూ తెలుసు. రెండు రకాలూ నేనే చెప్పాను కాబట్టి.

ప్రశ్న: మేం ట్రాక్టర్ పనిముట్లకు విడిభాగాలు చేస్తాం. ఒక లివర్ ఆర్మ్‌ని ఇప్పుడు ఈఎన్-19 ఉక్కు ఫోర్జింగ్‌లో (కాల్చి సాగగొట్టిన ముక్కగా) తెప్పించి మిషినింగ్ చేసుకుంటున్నాం. అదే ఆర్మ్‌ని ఎస్.జి. ఐరన్‌లో పోయించి హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తే అంత బలమూ వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది అని ఒకాయన చెప్పాడు. మా నాన్నగారు మాత్రం “పోత ఇనుము పోత ఇనుమే, కింద పడితే పెంకులే” అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక యూనిట్ యజమాని, జీడిమెట్ల

జవాబు: మీ నాన్నగారి మాటలో అబద్ధం లేదు. ఆయన చేతుల మీదుగా పోయిన ఇనుము అలాంటిదే. మామూలు పోత ఇనుములో, అంటే గ్రే ఐరన్‌లో, గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది. పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఉల్లిపాయ తరిగి చల్లినట్టు కనిపిస్తుంది. ప్రతి రేకు కొసా ఒక పగులుకి తయారుగా ఉన్న దారి. అందుకే ఎఫ్‌జి 260 లాంటి మంచి గ్రేడ్ కూడా 260 మెగాపాస్కల్స్ దగ్గర తెగిపోతుంది. తెగేముందు సాగడం అనేది దాదాపు ఉండదు.

ఆ రేకుల్ని గుండ్రటి గుళికలు చేసేది మెగ్నీషియం. ఇది తెలిసింది యుద్ధం రోజుల్లో. అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ ల్యాబ్‌లో కీత్ మిల్లిస్ అనే ఆయన, క్రోమియానికి కరువొచ్చిందని, అరుగుదలకి తట్టుకునే ఇనుములో దానికి బదులు ఏం వెయ్యొచ్చో చూస్తున్నాడు. అది 1943. ల్యాడిల్‌లో (కరిగిన ఇనుము మోసే పాత్రలో) మెగ్నీషియం పడ్డ పోతలో రేకుల స్థానంలో గుళికలు కనిపించాయి. అటు ఇంగ్లండ్‌లో హెన్టన్ మారో సీరియంతో అదే ఫలితం సాధించి, 1948లో ఫిలడెల్ఫియాలో జరిగిన ఫౌండ్రీవాళ్ల సభలో ఆ సంగతి చెప్పాడు. చర్చ మొదలవగానే నికెల్ కంపెనీ మనిషి లేచి, “మేం మెగ్నీషియంతో ఇదే చేశాం” అన్నాడట. పాపం మారో మొహం ఎలా ఉండి ఉంటుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అమెరికన్ పేటెంటు 1949 అక్టోబరులో మిల్లిస్ వాళ్లకి వచ్చింది, ఫౌండ్రీల్లో నిలిచింది కూడా మెగ్నీషియమే.

ఇది షాపులో ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే మీ ఆర్మ్ తలరాత రాసేది అక్కడే. ల్యాడిల్ అడుగున ఒక గుంట ఉంటుంది. అందులో ఫెర్రో సిలికాన్ మెగ్నీషియం ముక్కలు పరిచి, పైన స్టీల్ పంచింగ్ బిళ్లలు కప్పుతాం. దాని మీద ఫర్నేస్ నుంచి ఇనుము వంచుతాం. మెగ్నీషియం సుమారు 1,100 డిగ్రీలకే మరిగిపోతుంది, మనం పోసేది 1,450 పైన ఉన్న ఇనుము. ఇంకేముంది, ల్యాడిల్ గుర్రుమంటుంది. తెల్లటి వెలుగు షెడ్డంతా కొట్టి, రేకుల కప్పులో ఉన్న చిల్లులు కూడా లెక్కపెట్టేంత కనిపిస్తుంది. వెనకాలే తెల్ల పొగ. అది తగ్గగానే మడ్డి తీసి, ఇనాక్యులెంట్ (గుళికలు బాగా పుట్టడానికి వేసే మందు) వేసి, మోల్డ్‌ల దగ్గరికి పరుగు. పది పన్నెండు నిమిషాలు దాటితే మెగ్నీషియం సన్నగా జారుకుంటుంది, గుళికలు ఆకారం తప్పడం మొదలవుతుంది. దీన్ని ఫేడింగ్ అంటాం. మిగలాల్సింది 0.03 నుంచి 0.05 శాతం మెగ్నీషియం. అంతే, ఆ కాస్త మీదే వ్యాపారమంతా.

ఒకసారి ఎండాకాలం కరెంటు పోయి హాయిస్ట్ మధ్యలో ఆగిపోయింది. ల్యాడిల్ గాల్లో వేలాడుతోంది. కరెంటు వచ్చేసరికి పావుగంట. మా ఫోర్‌మన్ ఒక్కమాట మాట్లాడకుండా ఆ ఇనుమంతా పిగ్ మోల్డ్‌లో (మళ్లీ కరిగించుకునే దిమ్మల అచ్చులో) పోయించేశాడు. ఓనర్ గంతులేశాడు. ఇనుము చూడ్డానికి బాగానే ఉంది, పోస్తే పోతలూ చూడ్డానికి బాగానే వచ్చేవి. అదే దీంతో వచ్చిన చిక్కు. మంచి ఎస్.జి. పోతా, ఫేడ్ అయిన పోతా బయటికి కవల పిల్లల్లా ఉంటాయి. వేలాడదీసి సుత్తితో తట్టితే తేడా తెలుస్తుంది. మంచిది గుడిగంటలా సాగుతూ మోగుతుంది, చెడ్డది ‘ధడ్’ మని ఆగిపోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. మన ఐఎస్ 1865లో ఎస్.జి. గ్రేడ్‌లు 400/15, 500/7, 600/3, 700/2 ఇలా ఉంటాయి. మొదటి అంకె బలం, రెండోది తెగేముందు ఎంత శాతం సాగుతుందని. చూశారుగా, బలం 400 నుంచి 700కి పెరిగేసరికి సాగుడు 15 నుంచి 2కి పడిపోయింది. అదే ఇనుముని ఆస్టెంపరింగ్ చేస్తే 1050/750/7 గ్రేడ్ వస్తుంది. బలం 1050 మెగాపాస్కల్స్, వంగడం మొదలయ్యేది 750 దగ్గర, సాగుడు 7 శాతం. అంటే 500 గ్రేడ్ సాగుడుని ఉంచుకునే దానికి రెట్టింపు బలం. టెంపర్ చేసిన ఈఎన్-19 మీకు ఇచ్చేదీ దాదాపు ఇదే వరస. బయట దీన్ని ఏడీఐ (ఆస్టెంపర్డ్ డక్టైల్ ఐరన్) అంటున్నారు. 1972లో టెకుమ్సే కంపెనీ ఫ్రిజ్ కంప్రెసర్ల చిన్న క్రాంక్‌షాఫ్టుతో ఇది బజార్లోకి వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో జనరల్ మోటార్స్ పాంటియాక్ కార్ల వెనక యాక్సిల్‌కి ఫోర్జింగ్ గేర్లు మానేసి ఏడీఐ గేర్లు పెట్టింది. కాబట్టి మీకు సలహా ఇచ్చినాయన గాల్లో మాటలు చెప్పలేదు.

చేసే పద్ధతి వినడానికి సులువు. పోతని 900 డిగ్రీల అటూ ఇటూ గంటన్నర, రెండు గంటలు ఉంచుతాం. తర్వాత నూనెలోనో నీళ్లలోనో ముంచకుండా, కరిగిన నైట్రేట్ ఉప్పు తొట్టిలో, 370 డిగ్రీల దగ్గర, గబుక్కున దింపుతాం. చల్లార్చడం ఆ వేడి దగ్గరే ఆపేసి, గంటా గంటన్నర అక్కడే ఉంచి, అప్పుడు పైకి తీసి గాలికి వదిలేస్తాం. 370 బదులు 270లో ఉంచితే చాలా గట్టిది వస్తుంది, అరుగుదలకి బాగుంటుంది, కానీ సాగుడు తగ్గిపోతుంది. మీ ఆర్మ్‌కి పైవేడి గ్రేడే కావాలి.

మూడు విషయాలు చూసుకోండి. మందం ముఖ్యం. సుమారు 20 మిల్లీమీటర్లు దాటిన చోట మామూలు కెమిస్ట్రీ సరిపోదు. లోపలి భాగం ఉప్పు వేడికి దిగేలోపే పెర్లైట్ (నెమ్మదిగా చల్లారితే వచ్చే మామూలు అల్లిక) అయిపోతుంది. రాగి, నికెల్, కొద్దిగా మాలిబ్డినం కలిపి పోయించాలి, రేటు పెరుగుతుంది. ఇంకోటి, ఉక్కు కంటే ఇది పది శాతం తేలిక, బాగానే ఉంది కానీ, ఉక్కు కంటే కాస్త ఎక్కువ స్ప్రింగ్ అవుతుంది కూడా. బలం సమానమైనా బిర్రు సమానం కాదు. ఆర్మ్ చివర ఎంత ఊగుతుందన్నది మీకు లెక్కలో ఉంటే సెక్షన్ పెంచాలి. పెంచడం పోతలో సులువే, ప్యాటర్న్‌లో (అచ్చు తీసే నమూనాలో) ఒక పక్కటెముక కలిపితే సరి. మూడోది తడి. లాగుడు లోడ్ మీద ఉన్న ఏడీఐ ఉపరితలం నీళ్లు తగిలితే సాగుడు పోగొట్టుకుంటుంది. దమ్ము చేసే పనిముట్టు అయితే డిజైన్ చేసేవారికి ఈ మాట ముందే చెప్పండి, పెయింటు మీద భారం వేసి ఊరుకోవద్దు.

నా సలహా: ఫోర్జింగ్ డై కంటే ప్యాటర్న్ చవక కాబట్టి ఇరవై ముక్కలు పోయించండి. అందులో రెండు విరగ్గొట్టి చూడండి. మీ నాన్నగారి చేతికే సుత్తి ఇవ్వండి.

ప్రశ్న: 40 బ్రాకెట్లు ఎస్.జి. ఐరన్‌లో పోయించి ఆస్టెంపరింగ్‌కి ఇచ్చాను. బిగించిన నెలలోపే 11 విరిగాయి. హీట్ ట్రీట్‌మెంట్ వాణ్ణి అడిగితే పోత బాగాలేదంటాడు. ఫౌండ్రీ వాణ్ణి అడిగితే “మా దగ్గర్నుంచి వెళ్లినప్పుడు బానే ఉంది, ఉప్పులో వేసి చంపాడు” అంటాడు. హార్డ్‌నెస్ రిపోర్ట్ మాత్రం స్పెసిఫికేషన్ కంటే ఎక్కువే వచ్చింది. మధ్యలో పార్టీ నన్ను తింటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, గాంధీనగర్, కూకట్‌పల్లి

జవాబు: మీరు ఆనందంగా రాసిన ఒక్క ముక్క, ‘హార్డ్‌నెస్ ఎక్కువే వచ్చింది’ అన్నది, చదవగానే నాకు గుండె జారింది. ఎందుకో చెప్పాలంటే నా పరువు కాస్త తీసుకోవాలి.

1998 దసరాకి రెండు రోజుల ముందు. షెడ్‌లో ఆయుధ పూజకి కడగడాలు, గుమ్మడికాయలు. గేటు దగ్గర చర్లపల్లి నుంచి వచ్చిన టెంపో డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. సాల్ట్ బాత్‌లో వాళ్ల చైన్ స్ప్రాకెట్లు ఒక బుట్టెడు ఉన్నాయి. 370 డిగ్రీలు, 90 నిమిషాలు ఉంచాలి. ఉప్పులో దింపి అరగంటే అయింది. “గుళికలు బాగున్నాయి, కెమిస్ట్రీ బాగుంది, అరగంటకే సగం పని అయిపోతుంది” అని నాకు నేనే చెప్పుకుని బుట్ట పైకి తీయించాను. వేడినీళ్లలో ఉప్పు కడిగించి హార్డ్‌నెస్ కొలిచే బ్రినెల్ మెషీన్ కింద పెట్టాను. 300 చుట్టుపక్కల రావాల్సింది 415 వచ్చింది. డ్రైవర్‌తో వచ్చిన సూపర్‌వైజర్ ఆ అంకె చూసి, “అడిగినదానికంటే గట్టిగా చేశారు సార్” అని నాకు స్వీట్ బాక్స్ ఇచ్చి వెళ్లాడు. నేను తీసుకున్నాను కూడా.

పది రోజులకి ఒక గోనెసంచి తెచ్చి నా టేబుల్ మీద గుమ్మరించారు. అన్నీ పళ్లే. స్ప్రాకెట్ పళ్లు.

మా ఓనర్ అలవాటు ప్రకారం ఫౌండ్రీ మీదికి తోశాడు. నేను నోరు మెదపలేదు. ఫౌండ్రీవాడు, మంచి మనిషి, మొహం ఎర్రగా చేసుకుని ఒక పన్ను పట్టుకెళ్లి ల్యాబ్‌లో కోయించి, పాలిష్ చేయించి, ఫోటో తెచ్చాడు. గుళికలు ముత్యాల్లా ఉన్నాయి. వాటి చుట్టూ సూదుల్లాంటి ఆకారాలు అక్కడక్కడే ఏర్పడ్డాయి, మధ్యలో పెద్ద పెద్ద మచ్చలుగా మార్టెన్‌సైట్. సగం ఉడికిన సరుకు. అప్పుడిక ఒప్పుకోక తప్పలేదు. ఆ ఫౌండ్రీ ఆయనకి క్షమాపణ చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది, అది వేరే సంగతి.

జరిగేది ఇదీ. ఉప్పులో ఉన్నంతసేపూ ఇనుములో సన్నటి ఫెరైట్ (కార్బన్ దాదాపు లేని ఇనుము) సూదులు పెరుగుతుంటాయి. అవి పెరిగే కొద్దీ తమలో ఇమడని కార్బన్‌ని పక్కనున్న ఆస్టెనైట్‌లోకి (ఎర్రగా కాగినప్పుడు ఇనుము ఉండే రూపంలోకి) నెడతాయి. అందులో కార్బన్ రెండు శాతం దరిదాపుకి చేరితే అది మామూలు వేడిలో కూడా చెదరకుండా నిలబడుతుంది. బలం సూదులదీ, సాగుడు ఈ ఆస్టెనైట్‌దీ. తొందరపడి ముందే తీస్తే ఆస్టెనైట్‌కి సరిపడా కార్బన్ అందదు, చల్లారగానే మార్టెన్‌సైట్‌గా మారుతుంది. గాజులా గట్టి, గాజులా పెళుసు. హార్డ్‌నెస్ అంకె పెరుగుతుంది, మనం మురిసిపోతాం. ఎక్కువసేపు మర్చిపోతే ఇంకో రకం చేటు: ఆ ఆస్టెనైట్ విడిపోయి కార్బైడ్‌లు (ఇనుమూ కార్బనూ కలిసిన గట్టి కణాలు) పడతాయి, మళ్లీ పెళుసే. మినప్పిండి పులిసే వ్యవహారం లాంటిది. పులవకపోతే దోసె రాయి, ఎక్కువ పులిస్తే నోట పెట్టలేం. మధ్యలో ఒక వేళ ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి.

అలాగని మీ హీట్ ట్రీట్‌మెంట్ వాణ్ణి ఇప్పుడే పట్టుకోకండి. ఆ వేళని అసలు లేకుండా చేసే నేరస్తుడు ఫౌండ్రీలోనూ ఉండొచ్చు. పేరు మాంగనీస్. అది పోత గడ్డకట్టేటప్పుడు గుళికల దగ్గర ఉండదు, ఆఖరున గడ్డకట్టే సందుల్లోకి పోయి కూర్చుంటుంది. అక్కడ మార్పుని ఆలస్యం చేస్తుంది. దాంతో గుళిక పక్కన పని పూర్తయి చెడిపోయే వేళకి, సందుల్లో ఇంకా మొదలే కాదు. ఎంతసేపు ఉంచినా ఒక చోట పచ్చి, ఒక చోట మాడు. అందుకే ఏడీఐ పోతకి మాంగనీస్ 0.35 శాతం లోపు ఉండాలంటాం. ఫర్నేస్‌లో ఏ స్టీల్ స్క్రాప్ వేశాడో అడగండి. మాంగనీస్ ఎక్కువున్న స్టీల్ కటింగ్‌లు చవగ్గా దొరికాయని వేస్తే అది నేరుగా మీ బ్రాకెట్‌లోకి వస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. విరిగిన రెండు ముక్కలు, విరగని ఒకటి, హీట్ ట్రీట్‌మెంట్‌కి ఇవ్వకుండా మిగిలిన పోత ఏదైనా ఉంటే అదొకటి తీసుకుని ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇవ్వండి. హార్డ్‌నెస్ వద్దు, అది మీ దగ్గర ఉంది. కెమిస్ట్రీ, మైక్రోస్ట్రక్చర్ రెండూ అడగండి. గుళికలు 85–90 శాతం గుండ్రంగా ఉండి, చదరపు మిల్లీమీటరుకి వందకి తగ్గకుండా ఉండి, మాంగనీస్ అదుపులో ఉంటే ఫౌండ్రీ వాడు నిర్దోషి. గుళికలు తోకలు వచ్చిన పురుగుల్లా ఉన్నా, సందుల్లో ష్రింకేజ్ చిల్లులు ఉన్నా, ఉప్పు వాడు ఎన్ని తలకిందుల తపస్సు చేసినా ఆ బ్రాకెట్ బతికేది కాదు. ల్యాబ్‌కి ఇచ్చేముందు విరిగిన మొహాన్ని తుడవకండి, గ్రైండ్ చేయకండి. మొన్నొకాయన శుభ్రంగా బఫింగ్ చేసి తెచ్చాడు. శవాన్ని స్నానం చేయించి పోస్ట్‌మార్టంకి పంపినట్టు.

ముందు ముందు ప్రతి మెల్ట్‌కీ ఒక వై-బ్లాక్ (అదే ఇనుముతో పోసే పరీక్ష దిమ్మ) పోయించుకుని, అది కూడా బుట్టలో బ్రాకెట్లతో పాటే సాల్ట్‌లోకి వెళ్లేలా చూడండి. వచ్చాక దాని నుంచి లాగుడు పరీక్ష ముక్క తీయించండి. సాగుడు ఎంతో కాగితం మీద ఉంటే ఇద్దరూ నోరు మూసుకుంటారు. ఇదంతా ఖర్చే. 11 బ్రాకెట్లకి మీరు పార్టీ దగ్గర పడ్డ మాటల కంటే తక్కువే.

ప్రశ్న: సార్, నేను పాలిటెక్నిక్ మెకానికల్ ఫైనలియర్. ఏడీఐలో ఉండేది బైనైట్ అని మా నోట్స్‌లో ఉంది. యూట్యూబ్‌లో ఆస్‌ఫెరైట్ అంటున్నారు. వైవాలో ఏది చెప్పాలి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: వైవాలో మీ సారు నోట్స్ ఏదైతే అదే మొదట చెప్పమ్మా, తర్వాత ‘కానీ సార్’ అని మొదలుపెట్టు.

1930ల్లో అమెరికాలో ఎడ్గార్ బెయిన్, ఎడ్మండ్ డావెన్‌పోర్ట్ ఉక్కుని మధ్య వేడి దగ్గర ఆపి ఏమవుతుందో చూశారు. సూదుల్లాంటి ఫెరైట్, దాంతోపాటు సన్నటి కార్బైడ్ వచ్చాయి. దానికి బెయిన్ పేరుమీద బైనైట్ అన్నారు. ఎస్.జి. ఐరన్‌లో కూడా సూదులే కనిపించాయి కాబట్టి మొదట్లో దీన్నీ బైనైట్ అనేశారు, పాత నోట్స్‌లో అదే ఉండిపోయింది. తేడా ఎక్కడంటే సిలికాన్‌లో. మన పోతలో అది రెండున్నర శాతం దాకా ఉంటుంది, కార్బైడ్‌ని పుట్టనివ్వదు. దాంతో కార్బన్ అంతా ఆస్టెనైట్‌లో చేరి, అది మిగిలిపోతుంది. ఫెరైటూ ఆస్టెనైటూ కలిసిన ఆ కాపురానికే ఆస్‌ఫెరైట్ అని పేరు. ఉప్పులో మరీ ఎక్కువసేపు మర్చిపోతే అప్పుడు కార్బైడ్ వచ్చి నిజంగానే బైనైట్ అవుతుంది. కాబట్టి ఎవరైనా ‘నా ఏడీఐలో బైనైట్ ఉంది’ అంటే, పాపం తెలియక తన సరుకు పాడైందని చెప్పుకుంటున్నట్టు.

ప్రశ్న: ఏడీఐ ముక్కలో 12 ఎంఎం హోల్ వేస్తుంటే మూడు డ్రిల్ బిట్లు మాడిపోయాయి. హార్డ్‌నెస్ చూస్తే 320 మాత్రమే. ఆ హార్డ్‌నెస్ ఉక్కు నేను రోజూ కోస్తాను. ఇందులో ఏముంది?
– ఒక మెషినిస్టు, బాలానగర్

జవాబు: తమ్ముడూ, నువ్వు పెట్టేటప్పుడు 320, బిట్ నొక్కాక కాదు. పైన చెప్పిన ఆస్టెనైట్ ఉంది చూడు, దాన్ని నొక్కినా గీకినా అక్కడికక్కడే మార్టెన్‌సైట్ అవుతుంది. బిట్‌ని నెమ్మదిగా, భయంభయంగా దింపావనుకో, అది కోయకుండా రుద్దుతుంది. రుద్దిన చోటల్లా గట్టిపడుతుంది. అదే గుణం నాగలి కర్రులకీ, తవ్వే యంత్రాల పళ్లకీ వరం: రాయి గీరుకున్న కొద్దీ పైపొర గట్టిపడుతుంది. నీకు మాత్రం శాపం.

స్పీడ్ తగ్గించు, ఫీడ్ పెంచు, జాబ్ ఇంచు కూడా కదలకుండా బిగించు, కార్బైడ్ బిట్ పెట్టు. మధ్యలో ఆగి చూడ్డం మానెయ్. అయినా ఇది చెప్పాల్సింది నీకు కాదు, మీ ఓనర్‌కి. హోల్స్, ట్యాపింగ్ అన్నీ హీట్ ట్రీట్‌మెంట్‌కి ముందే, పోత మెత్తగా ఉండగానే వేసెయ్యాలి. ఆస్టెంపరింగ్‌లో ముక్క కొంచెం పెరుగుతుంది. పెర్లైట్ ఎక్కువున్న పోత తక్కువ, ఫెరైట్ ఎక్కువున్న పోత ఎక్కువ పెరుగుతుంది. ఫౌండ్రీ నుంచి ప్రతిసారీ ఒకే రకం పోత వస్తుంటే ఆ పెరుగుదలని ముందే సైజులో తగ్గించి పెట్టుకోవచ్చు. ఒకసారి అలా, ఒకసారి ఇలా వస్తుంటే ఆఖర్న గ్రైండింగే దిక్కు.

ప్రశ్న: మా అత్తగారి కాలం నాటి ఇనప దోసె పెనం చేయి జారి బండల మీద పడి రెండు ముక్కలైంది. మీరేదో విరగని పోత ఇనుము గురించి రాశారట, మావారు చెప్పారు. దాంతో పెనం చేయించుకోవచ్చా?
– ఒక గృహిణి, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, చేయించుకోవచ్చు, కానీ దోసె అంత బాగా రాదు. మీరు పోగొట్టుకున్నది గ్రే ఐరన్ పెనం. నేను పైన తిట్టిన ఆ గ్రాఫైట్ రేకులే వేడిని పెనమంతా సమంగా పరుస్తాయి. గుళికల ఇనుము ఆ పనిలో వెనకబడే ఉంటుంది. పైగా ఉప్పులో తెచ్చిన బలమంతా పొయ్యి మీద పదే పదే కాగితే మెల్లగా పోతుంది. పెనం విరగడం అరుదు, దోసె రోజూ వెయ్యాలి. గ్రే ఐరన్‌దే ఇంకోటి తీసుకోండి. రాణిగంజ్ వైపు వెళ్తే మందం చూసి ఏరుకోవచ్చు. గోటితో తట్టి మోత వినకండి, అది ఎలాగూ ‘ధడ్’ మంటుంది, దోషం కాదు. అత్తగారి పెనానికి ఉన్న నలుపు మాత్రం ఎక్కడా అమ్మరు. నూనె రాసి కాల్చి, కాల్చి, ఆరు నెలలు పడుతుంది.

అన్నట్టు, మీ వీధి తవ్వినప్పుడు కనిపించే నల్లటి మంచినీళ్ల పైపుల మీద ‘డీఐ’ అని ఉంటే అది ఈ గుళికల ఇనుమే. శ్రీకాళహస్తి పక్కన రాచగున్నేరిలో అలాంటి పైపులు పోస్తారు. వాటిని ఉప్పులో ముంచరు, ఎనీలింగ్ చేసి మెత్తగా ఉంచుతారు. భూమి కుంగినా విరక్కుండా కాస్త వంగితే చాలు వాటికి.

ప్రశ్న: విరిగిన ఏడీఐ బ్రాకెట్‌కి వెల్డింగ్ కొట్టించి మళ్లీ వాడుకోవచ్చా? నికెల్ రాడ్‌తో అయితే పట్టుకుంటుందని షాపూర్ నగర్‌లో ఒక వెల్డర్ అంటున్నాడు.
– ఇంకో పాఠకుడు, సూరారం

జవాబు: పట్టుకుంటుంది. ఆ వెల్డర్ అన్నది నిజమే, నికెల్ రాడ్ పోత ఇనుముకి అతుకుతుంది. అతుకు పక్కన అర అంగుళం మేర మాత్రం ఆస్‌ఫెరైట్ ఉండదు. ఆర్క్ వేడికి చెదిరి, కొంత కార్బైడ్, కొంత మార్టెన్‌సైట్ అయి కూర్చుంటుంది. మీరు డబ్బు పెట్టి సాల్ట్ బాత్‌లో కొనుక్కున్నది సరిగ్గా ఆ అర అంగుళంలో పోతుంది, ఈసారి అతుకు దగ్గర కాకుండా అతుకు పక్కన విరుగుతుంది. బరువు మోసే బ్రాకెట్ అయితే స్క్రాప్‌లో వెయ్యండి. ఇచ్చేటప్పుడు ఫౌండ్రీ వాడికే ఇవ్వండి, కెమిస్ట్రీ తెలిసిన స్క్రాప్ కాబట్టి మామూలు కంటే కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువ అడగండి. ఇస్తాడు.